ఉద్యోగం చేసుకుంటూ కవిగా బతకడం ఎలా? నా రోజు ఇలా గడుస్తుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. రెండేళ్లుగా వచన కవితలు రాస్తున్నారు. పగలంతా ఉద్యోగం. రోజూ రాయలేకపోతున్నానని మిమ్మల్ని మీరే నిందించుకుంటున్నారు. కవుల సమావేశానికి వెళ్తే అక్కడ అందరూ ఒకరికొకరు తెలిసినవారే, మీరొక్కరే బయటివారని అనిపిస్తోంది. ఇలా గుంపులుండే సమావేశాలకు అసలు వెళ్లాలా అని అడిగారు. నలభై కవితలు పోగయ్యాయి, పుస్తకం వేయమని మిత్రులు తొందరపెడుతున్నారు. వచ్చే ఆదివారం మొదటిసారి నలుగురిలో చదవాలి. రైల్వే ప్లాట్‌ఫాం మీద నిద్రపోయే కూలీ గురించి రాసిన కవితను పంపి, ఇది చదవవచ్చా అని అడిగారు. అసలు కవి అనే మనిషి రోజు ఎలా గడుస్తుందో చెప్పమన్నారు.

నేను రాయడం మొదలుపెట్టి ముప్పై ఒక్క ఏళ్లయింది. నాలుగు సంపుటాలు వచ్చాయి. ఈ మధ్యే ఉద్యోగ విరమణ చేశాను కానీ, ఆ నాలుగింట్లో మూడు ఉద్యోగంలో ఉండగా రాసినవే. అందుకే మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు. సూటిగా చెప్తాను. కవి రోజులో రాసే సమయం చాలా తక్కువ. మిగతాదంతా చదవడం, వినడం, విన్నదాన్ని మనసులో పెట్టుకుని తిరగడం. ఇది తెలియక చాలామంది రాయని రోజును పోయిన రోజుగా లెక్క వేసుకుంటారు. రెండు మూడేళ్లకు అలసిపోయి మానేస్తారు. అలా మానేసిన మంచి కవులను నలుగురైదుగురిని దగ్గరగా చూశాను. మీరు కూడా ఆ దారి పట్టకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాకు ప్రతి కవిత కిందా తేదీ వేసే అలవాటు ఉంది. మీ ప్రశ్న చదివాక పాత నోటు పుస్తకాలు దించి లెక్కపెట్టాను. ఏ ఏడాదీ పద్నాలుగు కవితలు దాటలేదు. ఒక ఏడాదైతే మూడే. ఆ మూడు రాసిన ఏడాదే నేను అన్నిటికన్నా ఎక్కువ చదివాను. తర్వాత రెండేళ్లు వచ్చిన కవితలన్నీ ఆ చదువు చలవే. పోలెండ్ కవయిత్రి విస్లావా షింబోర్‌స్కాకు 1996లో నోబెల్ బహుమతి వచ్చింది. అరవై ఏళ్లకు పైగా రాసిన ఆమె అచ్చు వేయించిన కవితలు సుమారు 350. సగటు తీస్తే ఏడాదికి ఆరు కూడా పడవు. మీరు రెండేళ్లలో నలభై రాశారు. తక్కువ రాస్తున్నానన్న దిగులు మీకు అవసరం లేదు. నన్నడిగితే కొంచెం ఎక్కువే రాస్తున్నారు.

ఇక ఉద్యోగం సంగతి. ఇంగ్లీషు కవి టి.ఎస్. ఎలియట్ 1917 నుంచి 1925 వరకు లండన్‌లో ఒక బ్యాంకు ఉద్యోగి. ఆయన పేరు నిలిపిన దీర్ఘకవిత ‘ది వేస్ట్ లాండ్’ 1922లో వచ్చింది. అంటే బ్యాంకులో ఉండగానే. అయితే ఆ కవితలో పెద్ద భాగం ఆయన ఆరోగ్యం దెబ్బతిని మూడు నెలలు సెలవు పెట్టిన కాలంలో రాసుకున్నదని కూడా చెప్పాలి. ఉద్యోగమూ కవిత్వమూ హాయిగా పక్కపక్కన నడుస్తాయని నేను మీకు అబద్ధం చెప్పను. అమెరికా కవి వాలెస్ స్టీవెన్స్ బీమా సంస్థలో పెద్ద అధికారి. ఆయన కారు నడపడం నేర్చుకోలేదు. ఇంటి నుంచి ఆఫీసుకు నడిచి వెళ్తూ దారిలో కవితలు మనసులోనే కట్టుకునేవాడు. నాకు ఉపయోగపడింది ఈ పద్ధతే. నలభై నిమిషాల బస్సు ప్రయాణంలో కాగితం తీయకుండా నాలుగు పాదాలు మనసులో తిప్పుకునేవాణ్ణి. దిగే సమయానికి గుర్తున్న పాదం ఉంచుకోదగ్గదని, మరిచిపోయినది పోవలసిందేనని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను.

ఉద్యోగం మాటలు కూడా ఇస్తుంది. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నేను లెక్కల విభాగంలో పని చేశాను. ప్రారంభ నిల్వ, ముగింపు నిల్వ, బకాయి, సర్దుబాటు లాంటి మాటలు ఏళ్ల తరబడి రాసి రాసి నా చేతికి అంటుకుపోయాయి. ఒక స్నేహితుడు పోయినప్పుడు ఎన్ని రోజులు కూర్చున్నా కవిత కదలలేదు. అతను నా దగ్గర తీసుకున్న ఒక పుస్తకం, నేను అతని దగ్గర తీసుకున్న ఒక గొడుగు గుర్తొచ్చి, రెండింటినీ జమాఖర్చుల్లా రాసుకుంటూ పోయాను. చివర ‘ముగింపు నిల్వ’ అని రాసి, ఎదురుగా ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేశాను. ఆ కవిత నా ఆఫీసు పెట్టిన భిక్ష. మీ పనిలో రోజూ మీ నోట ఏ మాటలు నలుగుతాయో ఒక వారం రాసి పెట్టుకోండి. కవిత్వం మాటలని మీరు అనుకుంటున్న వాటికన్నా అవి బలంగా ఉంటాయి.

నా రోజు చదువుతో మొదలవుతుంది. తెల్లవారుజామున అరగంట. ఫోను ఇంకో గదిలో ఉంటుంది. ఆ అరగంటలో ముందు ఒక పాత పద్యమో రెండు పద్యాలో పైకి చదువుతాను. వచన కవిత రాసేవారికి పద్యాలతో పని ఏమిటని చాలామంది అడుగుతారు. పద్యం రాయమని నేను అనను. చెవికి లయ తెలియాలంటాను. గురజాడ 1910లో ముత్యాల సరాలు రాసినప్పుడు ఎంచుకున్నది మూడు మాత్రలు, నాలుగు మాత్రలు వంతులవారీగా వచ్చే నడక. మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత కాలం. ఆ నడక మనం రోజూ మాట్లాడే మాటల్లోనూ ఉంది. ‘వచ్చి కూర్చుని వెళ్లిపోయిన మనిషి’ అని ఎవరో మామూలుగా అన్నారనుకోండి. చిటికెలు వేస్తూ లెక్కపెట్టండి. వచ్చి: మూడు. కూర్చుని: నాలుగు. వెళ్లి: మూడు. పోయిన: నాలుగు. ‘మనిషి’ దాకా రాకముందే పద్నాలుగు మాత్రల నిండు పాదం, అన్నవారికి తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది. ఇలాంటివి పట్టుకునే చెవి తయారు కావడానికే పద్యం. ఆ చెవి వచ్చాక మీ వచన కవితలో పాదాన్ని ఎక్కడ విరవాలో ఎవరినీ అడగనక్కర్లేదు.

తర్వాత ఇప్పటి కవుల సంపుటం ఒకటి. రోజుకు నాలుగైదు కవితలకు మించి చదవను. నవల చదివినట్టు కవితల పుస్తకాన్ని ఒక్క బిగిన చదివితే ఒక కవిత రుచి ఇంకో కవితకు అంటుకుంటుంది. బాగా నచ్చిన కవితను చేత్తో ఎత్తి రాస్తాను. చూసి రాయడమే కదా అనుకోకండి. కళ్లతో చదివినప్పుడు జారిపోయే సంగతులు చేయి దగ్గర ఆగిపోతాయి. ఈ కవి ఇక్కడ ‘కానీ’ అనలేదేమిటి, క్రియ లేకుండా పాదం ఎలా నిలబడింది, ఈ విశేషణం ముందు రావాల్సింది వెనక ఎందుకు వచ్చింది అని చేయి అడుగుతూ ఉంటుంది. ఇరవై ఏళ్లలో అలా ఎత్తి రాసుకున్న కవితలతో ఆరు లావుపాటి నోటు పుస్తకాలు నిండాయి. నాకు కవిత్వం నేర్పిన బడి అదే.

మూడోది నిఘంటువు. రోజుకు ఒక పేజీ, కథల పుస్తకంలా. సి.పి. బ్రౌన్ నిఘంటువు 1852 నాటిది, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885 నాటిది. ఈ రెండూ నా బల్ల మీదే ఉంటాయి. ఈ రోజు మనం చెడు వాసనకే వాడే ‘కంపు’ అనే మాటకు పాత కావ్యాల్లో పరిమళం అనే అర్థమూ ఉంది. నువ్వుల నుంచి తీసినదే ఒకప్పుడు నూనె. ఇప్పుడు దేని నుంచి తీసినా నూనే. మాటలు ఇలా పైకీ కిందకీ ప్రయాణిస్తాయని తెలిశాక, ఒక మాట వాడే ముందు చేయి కాస్త తడబడుతుంది. ఆ తడబాటు కవికి మంచిది. మొదట తట్టిన మాటతోనే సరిపెట్టుకోవడం వల్ల పాడైన కవితలు, మాటలు దొరక్క పాడైన వాటికన్నా చాలా ఎక్కువ.

ఇప్పుడు నలుగురిలో చదవడం గురించి. మీరు దీన్ని రాసిన తర్వాత జరిగే ప్రదర్శనలా చూస్తున్నారు. నాకు మాత్రం అది రాయడంలో ఒక భాగం. దీనికి నా అనుభవం ఒకటి చెప్తాను.

మా అమ్మ పోయిన కొన్ని నెలలకు ఆమె కుట్టుమిషను గురించి ఒక కవిత రాశాను. మొదటి రూపం ఇలా ఉండేది:

అమ్మ లేని గదిలో
కుట్టుమిషను మీద
నిశ్శబ్దం దుమ్ములా పేరుకుంది
జ్ఞాపకాలు కన్నీళ్లై కురిశాయి

పన్నెండు మంది కూర్చున్న చిన్న సమావేశంలో దీన్ని చదివాను. అందరూ బాగుందన్నారు. ఒకరిద్దరు కళ్లు కూడా తుడుచుకున్నారు. చివర ఒక పెద్దాయన మాత్రం, “మరి ఆ మిషను సూదిలో దారం ఉందా?” అని అడిగారు. ఆయన కవి కాదు, ప్రతి నెలా వచ్చి వెనక వరసలో కూర్చుని వినే మనిషి. నా దగ్గర జవాబు లేదు. నేను ఆ మిషనును చూడకుండానే కవిత రాశానని ఆ క్షణంలో అర్థమైంది. ఇంటికి వెళ్లి మిషను మీది గుడ్డ తీశాను. సూదిలో దారం ఉంది. సూది కింద ఎవరిదో రవిక చెయ్యి సగం కుట్టి ఉంది. అమ్మకు ఆ పని ఇచ్చినవారు దాని కోసం మళ్లీ రాలేదు. ఆమె పోయిందని తెలిసి అడగడానికి మొహమాటపడి ఉంటారు. ఆ రాత్రి కవిత ఇలా మారింది:

సూది గుడ్డలోనే దిగి ఉంది
సగం కుట్టిన రవిక చెయ్యి
ఎవరిదో,
ఇంతవరకు ఎవరూ వచ్చి అడగలేదు

నిశ్శబ్దం, దుమ్ము, జ్ఞాపకాలు, కన్నీళ్లు నాలుగూ పోయాయి. అవన్నీ నేను ఎక్కడో చదివి అరువు తెచ్చుకున్నవి. సూది మాత్రం మా ఇంటిది. పైకి చదువుతున్నప్పుడు ఇంకో సంగతి గమనించాను. ‘ఎవరిదో’ దగ్గర పాదం ఆగినప్పుడు గొంతు దానంతట అదే తగ్గింది. మొదట అది పై పాదంలోనే కలిసి ఉండేది. విడిగా పెట్టింది నా గొంతే. నెల తర్వాత అదే చోట మళ్లీ చదివాను. ఈసారి ఎవరూ బాగుందని అనలేదు, కొంతసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. పెద్దాయన తల ఊపారు. నాకు ఇన్నేళ్లలో అంతకన్నా పెద్ద విమర్శకుడు దొరకలేదు.

సమావేశాలకు వెళ్లాలా అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. వెళ్లండి, ఆ ఒక్క ప్రశ్న కోసం వెళ్లండి. పది సమావేశాల్లో తొమ్మిదింట అది దొరకదు. పదో దాంట్లో దొరుకుతుంది.

సమావేశం వల్ల ఇంకో మేలు, అది గడువు పెడుతుంది. ఎలిజబెత్ బిషప్ అనే అమెరికా కవయిత్రి 1946లో ఒక రాత్రి బస్సు ప్రయాణంలో దారికి అడ్డంగా వచ్చిన దుప్పిలాంటి పెద్ద జంతువును చూసింది. దాని మీద మొదలుపెట్టిన కవిత ఏళ్ల తరబడి ఆమె దగ్గరే ఉండిపోయింది. 1972లో ఒక విశ్వవిద్యాలయ సభలో కవిత చదువుతానని ఒప్పుకోవడంతో అది పూర్తయింది. ఇరవై ఆరేళ్లు ఆగిన కవితకు ముగింపు వచ్చింది, ఎదురుగా కూర్చుని వినబోయేవారు ఉన్నారన్న ఒత్తిడి వల్ల. ఆమె జీవితకాలంలో అచ్చు వేయించిన కవితలు సుమారు వంద. ఎక్కువ రాయాలన్న తొందర లేకపోవడమూ, వినేవారి ముందు నిలబడాల్సి రావడమూ రెండూ కవికి కావాలని ఆమె జీవితం చూస్తే నాకు అనిపిస్తుంది.

సాహిత్య సమాజం అనే మాట విన్నప్పుడల్లా నాకు సభలూ శాలువలూ గుర్తు రావు. రష్యన్ కవయిత్రి అన్నా అఖ్మతోవా ఇల్లు గుర్తొస్తుంది. స్టాలిన్ కాలంలో ఆమె కొడుకును అరెస్టు చేశారు. జైలు గోడల బయట వరసల్లో నెలల తరబడి నిలబడ్డ ఆడవాళ్ల గురించి ఆమె ‘రెక్వియం’ రాసింది. కాగితం మీద ఉంచుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఇంటికి వచ్చిన నమ్మకమైన స్నేహితురాలికి ఒక చీటీ మీద కొన్ని పాదాలు రాసి ఇచ్చేది. గోడలకు చెవులుంటాయని పైకి మాత్రం వాతావరణం గురించో మరేదో మామూలు మాట మాట్లాడేది. స్నేహితురాలు లోలోపల చదివి కంఠస్థం చేసుకుని చీటీ తిరిగి ఇస్తే, దాన్ని అక్కడే కాల్చేసేది. ఆ కవిత ఏళ్ల తరబడి కొద్దిమంది మనసుల్లో మాత్రమే బతికింది. 1963లో మొదటిసారి అచ్చయింది, అదీ దేశం బయట, మ్యూనిక్‌లో. ఆమె సొంత దేశంలో వెలువడింది 1987లో, ఆమె పోయిన ఇరవై ఒక్క ఏళ్లకు.

ఇది చదివిన రోజు నుంచి నేను ఒక పని చేస్తున్నాను. నాకు తెలిసిన ప్రతి కవి కవితల్లోంచి ఒక్కటైనా కంఠస్థం చేస్తాను. మన అవధానులకు ధారణ ప్రాణం. అన్ని పద్యాలూ ముక్కలు ముక్కలుగా చెప్పి, చివర వరసగా అప్పజెప్పాలి. వచన కవితకు వచ్చేసరికి ఆ అలవాటు మనం పూర్తిగా వదిలేశాం. సొంత కవిత కూడా ఫోనులో చూసి చదివే కవులే ఎక్కువ. మీకు తెలిసిన కవిని కలిసినప్పుడు ఆయన కవితలోంచి నాలుగు పాదాలు చూడకుండా చెప్పి చూడండి. ఏ సన్మానానికీ అంత వెలుగు ఆ ముఖంలో రాదు. మీరు బయటివారు అన్న గీత కూడా ఆ నిమిషంలోనే చెరిగిపోతుంది.

గుంపుల గురించి అడిగారు. ఉన్నాయి. ఒకరినొకరు మెచ్చుకునే వలయాలు, ఒకరి పేరు వినిపిస్తే ముఖం తిప్పుకునేవారు, ఏ సభలో ఎవరిని ముందు పిలిచారన్న పట్టింపులు. నేనూ మొదటి రెండేళ్లు వెనక కుర్చీలో కూర్చుని వెళ్లిపోయేవాణ్ణి. లోపలికి వెళ్లడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే: ఇతరుల కవిత్వాన్ని శ్రద్ధగా వినడం, చదవడం. ఎవరైనా తమ సంపుటం చేతికిస్తే నెల లోపు చదివి ఉత్తరమో ఫోనో చేస్తాను. బాగుందని మాత్రం అనను. పలానా పేజీలో పలానా పాదం రెండు రోజులు నాతో తిరిగిందని చెప్తాను. నచ్చనిది కూడా చెప్తాను, అడిగితేనే, ఒక్కదాని గురించే. ఇలా ముప్పై ఏళ్లు చేస్తే మీ చుట్టూ ఒక సమాజం దానంతట అదే ఏర్పడుతుంది. అందులో పేరున్నవాళ్లు తక్కువ ఉంటారేమో కానీ, రాత్రి పదకొండుకు ఫోను చేసి ఒక పాదం వినిపించగలిగిన మనుషులు ముగ్గురైనా ఉంటారు. ముగ్గురు చాలు.

అలాంటి మనిషి దొరికితే ఎంత మేలో ఎలియట్ కవితే సాక్ష్యం. దాని రాతప్రతిని ఆయన స్నేహితుడు ఎజ్రా పౌండ్ నిర్దయగా కొట్టివేసి దాదాపు సగానికి తగ్గించాడు. ఆ కొట్టివేతలతో ఉన్న ప్రతుల నకళ్లు 1971లో పుస్తకంగా వచ్చాయి. దొరికితే చూడండి. స్నేహం పెన్సిలు గీతల్లో కనిపిస్తుంది.

పురస్కారాల గురించి మీరు అడగలేదు, నేనూ చెప్పను. వాటి గురించి ఆలోచించిన రోజున ఒక్క మంచి పాదం రాసినట్టు నాకు గుర్తు లేదు.

పుస్తకం మాత్రం ఇప్పుడే వద్దు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ గీతాల్లో ఎక్కువ భాగం 1930లలో రాసినవి. చలం దానికి ముందుమాటగా ‘యోగ్యతా పత్రం’ రాసింది 1940లో. పుస్తకం బయటికి వచ్చింది 1950లో. ఆ మధ్య ఏళ్లలో ఆ గీతాలు చాలామందికి నోటికి వచ్చేశాయి. పుస్తకం లేకపోవడం ఆ కవిత్వాన్ని ఆపలేదు. దేవరకొండ బాలగంగాధర తిలక్ 1966లో పోయారు. మనమంతా ఆయన పేరుతో కలిపి తలుచుకునే ‘అమృతం కురిసిన రాత్రి’ ఆ తర్వాతే వచ్చింది. అంతకాలం ఆగమని కాదు నేను చెప్పేది. నేను ఆగలేదు, దాని ఫలితం చెప్తాను.

నా మొదటి సంపుటం రాయడం మొదలుపెట్టిన నాలుగో ఏడాదే వేశాను. యాభై రెండు కవితలు, ఐదు వందల ప్రతులు, చేతి డబ్బు. మూడు ముందుమాటలు రాయించుకున్నాను. ఆవిష్కరణ సభలో నలుగురు వక్తలు పొగిడారు. ఒక్కరూ పుస్తకం పూర్తిగా చదవలేదని వారు ఎత్తి చెప్పిన పాదాలను బట్టి తెలిసిపోయింది. అన్నీ మొదటి పది పేజీల్లోవే. వారిని తప్పుపట్టను. యాభై రెండు కవితల్లో చదివించే బలం ఉన్నవి ఎన్నని నిన్న మళ్లీ చూశాను. పదకొండు. ఆ పదకొండుకు తోడు ఇంకో పదకొండు కోసం మరో నాలుగేళ్లు ఆగి ఉంటే మంచి పుస్తకం వచ్చేది. అచ్చయిన కవితను వెనక్కి తీసుకోలేము. ఇప్పటికీ ఎవరైనా ఆ పుస్తకం తీసి సంతకం అడిగితే, నలభయ్యో పేజీ తెరవవద్దని మనసులో కోరుకుంటాను.

మీ నలభైతో ఇలా చేయండి. అన్నీ విడి కాగితాల మీద రాసి నేల మీద పరచండి. ఒక పక్క నుంచి నడుస్తూ చదవండి. ఒకే పోలిక, ఒకే మాట రెండు చోట్ల కనిపిస్తే బలహీనమైన కాగితాన్ని తీసేయండి. నా రెండో సంపుటానికి ఇలా చేసినప్పుడు పదిహేడు కవితల్లో వెన్నెల ఉందని తేలింది. నేను వెన్నెలను అంతగా గమనించే మనిషిని కూడా కాదు. మిగిలినవాటిని ఒక ఏడాది కనబడకుండా పెట్టండి. ఏడాది తర్వాత తీసి చదివినప్పుడు, ఎవరో వేరే మనిషి రాసినట్టు అనిపించి కూడా బాగున్నాయనిపించినవి ఉంచండి. ముందుమాట అడగాల్సి వస్తే ఒక్కరినే అడగండి, అదీ మీ కవితలను ముందు నుంచీ చదువుతున్నవారిని. ప్రూఫులు మీరొక్కరే దిద్దకండి. మన కవిత మనకు కంఠస్థం కాబట్టి కన్ను తప్పును దాటి వెళ్లిపోతుంది. వెనక నుంచి ముందుకు, చివరి పాదం నుంచి మొదటి పాదానికి చదివితే కొంత మేలు. నా మూడో సంపుటంలో ‘నీడ’ అని ఉండాల్సిన చోట ‘నీరు’ అని పడింది. విచిత్రంగా ఒక పాఠకురాలు ఆ పాదమే తనకు బాగా నచ్చిందని రాసింది. ఆమెకు నిజం చెప్పడానికి నాకు రెండు వారాలు పట్టింది. చెప్పాక కూడా తనకు నీరే కావాలంది.

ఆదివారం చదవడానికి కొన్ని పనికొచ్చే సంగతులు. కవితను పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసుకోండి. చేతులు వణికితే కాగితం కింద అట్ట పెట్టుకోండి. ఐదు నిమిషాలు ఇస్తే నాలుగు నిమిషాలకు సరిపడా చదవండి. కవిత ఎలా పుట్టిందో ముందు చెప్పవద్దు. అలా చెప్తే వినేవారు ఆ కథ కోసం వెతుకుతారు, కవిత వినరు. మొదటి పాదానికి ముందు ఒకసారి ఊపిరి తీసుకుని హాలు చివర కూర్చున్న మనిషిని చూడండి. గొంతు అంత దూరం వెళ్లేలా దానంతట అదే సర్దుకుంటుంది. ఎక్కడైనా నాలుక తడబడితే వెంటనే మళ్లీ చదవకుండా ముందుకు వెళ్లండి. ఇంటికొచ్చాక ఆ చోట పెన్సిలుతో గీత పెట్టండి. తడబడిన చోట పదిలో ఎనిమిది సార్లు తప్పు నాలుకది కాదు, పాదానిది. మీ వంతు అయ్యాక లేచి వెళ్లిపోవద్దు. చివరి కవి చదివేదాకా కూర్చోండి.

ఇక మీ కవిత. చదవవచ్చా అని అడిగారు. తప్పకుండా చదవండి. రెండో చరణంలో ఆ కూలీ చెప్పులను గుడ్డలో చుట్టి తల కింద పెట్టుకుని పడుకున్నాడని రాశారు. అది మీరు చూసి రాసిన పాదం. మీరు పంపిన దాంట్లో నాకు మళ్లీ మళ్లీ కనబడుతున్నది అదే. మూడో చరణంలో ‘అనంతమైన నిరీక్షణ’ అన్నారు. ఆ రెండు మాటలూ తీసేసి ఒకసారి పైకి చదివి చూడండి. ఆ చెప్పులు కొత్తవా పాతవా అన్నది కవితలో ఎక్కడా లేదు. మీకు గుర్తుంటే ఆ ఖాళీలో అది రాయండి. గుర్తు లేకపోతే ఆదివారం లోపు ఒక రాత్రి మళ్లీ ఆ ప్లాట్‌ఫాం మీదికి వెళ్లి చూసి రండి.